విల్‌ఫ్రెడ్ మాస్టారి ఎర్ర పెన్సిలు

ఎదురైన మనిషిది ఏ జంతువు కన్నో తేల్చుకోనిదే విల్‌ఫ్రెడ్ మాస్టారు నమస్కారం కూడా పెట్టేవారు కాదు.

ఖరగ్‌పూర్ ట్రాఫిక్ కాలనీలో మా అందరికీ అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి, మాస్టారు పెట్టిన కన్నొకటి. పోస్ట్‌మన్‌ది గుడ్లగూబ కన్ను. చూపు తిప్పడం చేతకాక మెడ తిప్పుతాడు. పాలు పోసే అప్పలకొండది మేక కన్ను. వంగి పాలు కొలుస్తూనే వీధి రెండు చివరలూ కనిపెడుతుంది. పాస్టరు గారిది కప్ప కన్ను.

"కప్పకి కదిలే పురుగే ఆనుతుందయ్యా," అని మాస్టారు చర్చి మెట్ల మీద నిలబడి వివరించారు. "చుట్టూ చచ్చిన ఈగలు కుప్పపోసినా పస్తు పడుకుంటుంది. కదలకుండా నిద్రపోయామా, ప్రసంగం అయ్యేదాకా మన పాస్టరు గారికి మనం కనపడం."

"గురక మటుకు వినపడుతుంది విల్‌ఫ్రెడ్ గారూ," అన్నారు వెనకే దిగుతున్న పాస్టరు గారు.

మాస్టారు బడిలో జీవశాస్త్రం చెప్పేవారు. ఇంటికొచ్చాక కూడా అదే చెప్పేవారు. బొద్దింక తల తెగినా కొన్నాళ్ళు బతుకుతుందనీ, అది తన తెలివినంతా తలలోనే దాచుకోకుండా ఒళ్ళంతా ముడులు ముడులుగా పంచుకుందనీ చెప్పి, "పెద్దాఫీసరు కుర్చీ ఆరునెల్లుగా ఖాళీగా ఉన్నా మన ఆఫీసు నడుస్తోందంటే మరెలాగనుకున్నారు?" అనేవారు. గోల్ బజార్లో మాంసం కొట్టువాడి దగ్గర మేక కళ్ళు అడిగి తెచ్చి, పిల్లలకి కోసి చూపించేవారు. ఒకసారి వాటిని టిఫిన్ క్యారేజీలో పెట్టుకుని మరిచిపోయారు. కడగబోయి మూత తీసిన ఆయన భార్య సూసన్నమ్మగారు పెట్టిన కేకకి మా వరస ఇళ్ళన్నీ ఖాళీ అయ్యాయి.

"అవి నన్నే చూస్తున్నాయండీ!"

"చూడలేవు సూసన్నా. వెనక నరం తెగింది. చూడ్డానికి కన్నొక్కటే చాలదు."

"అయితే మీ వెనక నరం కూడా తెంపుతానుండండి!"

మాస్టారి పక్కింట్లో తవిటయ్య మావ ఉండేవాడు. గూడ్సు డ్రైవరు. నేను ఆయన ఫైర్‌మన్ని. బొగ్గు వెయ్యడం కాక నాకింకో పని ఉండేది. సిగ్నలు కనపడగానే నేను దాని పేరు గట్టిగా పిలవాలి, ఆయన తిరిగి పలకాలి. స్టేషను ముందరి హోమ్ సిగ్నలు వాలగానే నేను "హోమ్ క్లియర్!" అంటే, ఆయనా "హోమ్ క్లియర్!" అనాలి. ఇద్దరి నోటా వస్తేనే సిగ్నలు చూసినట్టు.

మావకి మాస్టారు గద్ద కన్ను ఇచ్చారు. మైలు దూరంలో సిగ్నలు చెయ్యి వాలిందో లేదో చెప్పగలడని. దానికి వేరెవరైనా మురిసిపోయేవారు. మావ మాత్రం అలిగాడు.

"గుర్రం కన్నెందుకివ్వరు మాస్టారూ?"

"గద్దది ఎదుటి చూపు, గుర్రానిది చుట్టుచూపు. గుర్రానికి దాదాపు వెనకున్నది కూడా కనపడుతుంది."

"నాకు కనబడదేటి? గంగాబవాని ఎనకాల సీపురట్టుకుని నిలబడితే తిరక్కుండా సెప్పేస్తాను!"

"అది కన్ను కాదు తవిటయ్యా. అనుభవం."

అరవైమూడో సంవత్సరం ఎండాకాలంలో మావకి పాసింజరు డ్రైవరుగా ప్రమోషన్ మాట వచ్చింది. దానికి ఒక సోమవారం కళ్ళ పరీక్ష పెట్టారు. మావకి భయమేమీ లేదు. రోజూ గుమ్మంలో కూర్చుని, ఒక కన్ను మూసుకుని ఎదురు వరస ఇళ్ళ నంబర్లు గట్టిగా చదివేవాడు. గంగాభవాని అత్త అప్పుడే మినపసున్ని చేసి, పరీక్ష అయ్యాక పంచాలని డబ్బాలో దాచింది. రైల్వే ఇంట్లో డ్రైవరు కన్నంటే కడుపులో పడే కూడు. ఆ కన్ను మీద మాటంటే ఇంటి ఇల్లాలి మీద అన్నట్టే.

ఆ పరీక్ష ఇంకో వారం ఉందనగా, యార్డులో మేం ఇంజను మెల్లగా నడుపుకుంటూ వ్యాగన్లకి తగిలించడానికి వెళ్తున్నాం. ఎదురుగా వ్యాగనుకి పొడుచుకొచ్చిన ఇనప బఫర్లు దగ్గరవుతున్నాయి. మావ వాటి మీదే చూపు నిలిపి స్టీము వదిలే రెగ్యులేటరు మీద చెయ్యేసి ఉన్నాడు. నేను పార కింద పెట్టి నడుం ఎత్తి, ఆయన భుజం మీదుగా ఎడమవైపు చూశాను. పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ పక్కనే నిలబడి, ఎర్ర జెండా తలపైకెత్తి ఊపుతున్నాడు. నోరు తెరిచి అరుస్తున్నాడు. స్టీము చప్పుడులో ఒక్క ముక్క వినపడటం లేదు. మావ వేసిన చెయ్యి తియ్యలేదు.

"మావా! ఎర్ర!"

"ఎక్కడరా?"

ఆ మాట అంటూనే బ్రేకు వేశాడు. ఎక్కడో చూడకుండానే, నా మాట మీద వేశాడు. ఇంజను మూలిగి, కీచుమని ఆగింది. బఫర్ల మధ్య ఒక మనిషి పట్టేంత సందు మిగిలింది. ఆ సందులోంచే నిజంగా ఒక మనిషి పాక్కుంటూ బయటికొచ్చాడు, చేతిలో పానా పట్టుకుని. వ్యాగను కింద మరమ్మత్తు చేస్తున్నాడు. "క్యా హువా?" అని మమ్మల్నే అడిగాడు.

పాయింట్స్‌మన్ ఇంజను మెట్టెక్కి, "ఇత్నా బడా ఝండా, నహీ దిఖా క్యా దాదా?" అని, అంత పెద్ద జెండా ఎలా కనపడలేదని నిలదీశాడు. మావ జెండా వైపు తిరిగి, దాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"ఎండ," అన్నాడు నాతో. "ఎండ కల్లల్లో కొట్టింది, గోయిందా."

ఎండ మా వెనకుంది.

ఆ సాయంత్రం నేను మాస్టారి ఇంటికెళ్ళాను. ఆయన హిజ్లీ కాలేజీ లైబ్రరీ నుంచి సైకిలు మీద తెచ్చుకునే పుస్తకాలు నాకూ ఇస్తుండేవారు. ఒకటి తిరిగివ్వడానికని వెళ్ళి, జరిగింది చెప్పేశాను. ఏదో జంతువు పేరు చెప్తారని చూశాను. చెప్పలేదు.

"జెండా ఏ పక్క?"

"ఎడమపక్కండి."

"టీ గ్లాసు ఏ పక్క పెట్టుకుంటాడు?"

ఆలోచించాను. ఒకప్పుడు ఎడమపక్కే. నాలుగైదు గ్లాసులు చెయ్యి తగిలి పగిలాక, గంగాభవాని అత్త తిట్టుకుంటూ కుడిపక్క పెట్టడం మొదలుపెట్టింది. ఆ మాట చెప్పేసరికి, గుమ్మం దాటేటప్పుడల్లా మావ ఎడమ భుజం తలుపుచెక్కకి కొట్టుకోవడం కూడా నాకు గుర్తొచ్చింది.

"సిగ్నలు ముందు పిలిచేది నువ్వే కదూ? మరి అతను చూసి పలికేదెంత, విని పలికేదెంత?"

నేను లోలోపల ఒక్కొక్క సిగ్నలూ లెక్కపెట్టుకున్నాను.

మాస్టారు ఒక కాగితం మీద ఎడమవైపు చిన్న ఇంటూ గుర్తు, కుడివైపు నల్లటి చుక్క పెట్టారు. ఎడమకన్ను మూసి, ఇంటూనే చూస్తూ కాగితం మెల్లగా దగ్గరికి తెచ్చుకోమన్నారు. ఒకచోట చుక్క మాయమైంది. దాని జాగాలో నల్లటి కంత లేదు, ఉత్త తెల్ల కాగితమే ఉంది.

"కంటి తెర మీంచి నరం బయటికి దిగేచోట మనందరికీ ఒక కంత ఉంటుంది. ఆక్టోపస్‌కి లేదు. దాని నరాల తీగలు తెర వెనక నుంచి వేశారు, మనవి ముందు నుంచి. కానీ ఆ కంత మనకి ఎన్నడైనా తెలిసిందా? మెదడు చుట్టుపక్కల రంగు తెచ్చి అతుకేసేస్తుంది. కంత ఎంత పెద్దదైనా అతుకేస్తూనే ఉంటుంది. తవిటయ్య అబద్ధమాడటం లేదు గోవిందూ. అతనికి తెలియదు."

"అక్షరాల అట్ట చదవమంటే గడగడా చదివేస్తాడండీ. పాసైపోతాడు. పాసింజరు బండి ఇచ్చేస్తారు."

"అదే నా భయం. అట్ట ఎదుటే ఉంటుంది."

"చెప్పేద్దామా?"

"నా అనుమానం తప్పయితే? షెడ్డులో ఒక్కడి చెవిన పడితే చాలు, అతని కన్ను పోకముందే పరువు పోతుంది. వెళ్ళు. ఎవరితో అనకు. ఇంజను మీద మటుకు అతని భుజం వదలకు."

మర్నాటి నుంచి మాస్టారికి పిచ్చి ముదిరిందని కాలనీ అంతా తేల్చేసింది. పేపర్లు దిద్దే ఎర్ర పెన్సిలు జేబులో పెట్టుకుని తిరిగేవారు. ఎవరు దొరికినా సరే, "నా చొక్కా మూడో గుండీ చూడు, చూపు తిప్పావో జాగ్రత్త," అని, పెన్సిలుని వాళ్ళ చెవి వెనక నుంచి మెల్లగా ముందుకి తెచ్చేవారు. "కనపడిందా?"

కొళాయి దగ్గర ఆడవాళ్ళకి చేశారు. పోస్ట్‌మన్‌కి చేశారు, మెడ తిప్పినందుకు మూడుసార్లు చేశారు. పాస్టరు గారికి చేసి, "పెన్సిలు కదులుతోంది కాబట్టి కనపడింది," అన్నారు. అప్పలకొండకి చేస్తే, "ఏటి బాబూ, బొట్టెడతారేటి?" అని పారిపోయింది. ఆఖరికి వీధి కుక్కని గుమ్మంలో కూర్చోబెట్టి చేస్తుంటే సూసన్నమ్మగారు నెత్తి కొట్టుకున్నారు.

"దానికి మీ గుండీ చూడమని ఎలా చెప్పారండీ?"

"బిస్కట్టు గుండీకి కట్టాను."

పరీక్ష ముందటి ఆదివారం మా వరస అరుగు మీద పెద్ద తిరునాళ్ళే అయింది. ఎవరికెంత చుట్టుచూపో పందెం. పెన్సిలు చెవి దాటగానే ఒక్కొక్కరూ "కనబడింది!" అని అరుస్తున్నారు, ఈలలు వేస్తున్నారు. తవిటయ్య మావ లుంగీ ఎగ్గట్టుకుని వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"తియ్యండి మాస్టారూ పెన్సిలు! ఇయాల గుర్రం కన్ను పట్టుకెల్తాను!"

కుడిపక్క నుంచి పెన్సిలు వచ్చింది. చెవి దగ్గరే, "కనబడింది!" అన్నాడు. చప్పట్లు పడ్డాయి.

ఎడమపక్క. పెన్సిలు చెవి దాటింది. కణత దాటింది. "ఇంకా తెండి, తెండి," అన్నాడు నవ్వుతూ. కనుబొమ్మ చివరికి వచ్చింది. ఈలలు ఆగాయి. "మొదలెట్టినారా నేదా?" అన్నాడు. గంగాభవాని అత్త చెయ్యి నోటి మీదికి వెళ్ళింది. పెన్సిలు ముక్కు దాకా వచ్చాక, "ఆఁ, కనబడింది!" అని అరిచాడు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మావ అందరి మొహాలూ చూశాడు. ఒక్కొక్కళ్ళనీ చూడ్డానికి తల మొత్తం తిప్పాల్సి వచ్చింది. తరవాత చాలా చిన్న గొంతుతో, "ఇంకోపాలి తెండి మాస్టారూ," అన్నాడు.

"ఛ! నా చెయ్యే వంకరపోయింది!" అని మాస్టారు పెన్సిలు నా చేతిలో పడేశారు. "లేవండి, ముందు గోవిందు నాకు చేసి చూస్తాడు." స్టూలెక్కి కూర్చున్నారు. నేను ఆయన ఎడమ చెవి వెనక నుంచి తెచ్చాను. కణత దాటింది, బుగ్గ దాటింది. ఆయన "లేదు, లేదు," అంటూనే ఉన్నారు. దాదాపు ముక్కులో దూరుతుంటే, "ఆఁ!" అన్నారు.

"దేవుడా! నాదంతకన్నా హీనం! సూసన్నా, నా పని అయిపోయింది. తవిటయ్యా, రేపు మీరు ఆస్పత్రికి వెళ్తున్నారుగా, నన్నూ తీసుకెళ్ళండి. ఒక్కణ్ణీ వెళ్ళాలంటే భయం. పక్కచూపు కూడా చూడమని ఇద్దరం కలిసి అడుగుదాం."

మావ ఎగ్గట్టిన లుంగీ దించుకున్నాడు. అక్షరాల అట్ట చదివేసి, నోరు మూసుకుంటే బండి ఆయనది. ఆ సంగతి అరుగు మీదున్న ప్రతివాడికీ తెలుసు.

"ఎల్దాం మాస్టారూ," అన్నాడు. "బయపడకండి. నానున్నాను గదా."

ఆస్పత్రిలో బెంగాలీ డాక్టరు గారు ఇద్దరినీ చూశారు. మావవి నీటికాసులు. కంట్లో ఒత్తిడి పెరిగి నరం చివర నుంచి ఎండిపోతోంది. ఇంకో ఏడాది ఆలస్యమైతే ఎదుటి చూపు కూడా పోయేదట. చుక్కల మందుతో ఉన్నది నిలబడింది. ఇంజను మటుకు పోయింది. షెడ్డులో కొత్త ఫైర్‌మన్లకి పాఠం చెప్పే పనిలో వేశారు. మొదటి నెల మావ డ్యూటీ నుంచి వచ్చి తిన్నగా మంచమెక్కేవాడు. రెండో నెల, వ్యాగను కింద నుంచి పాక్కుంటూ వచ్చిన ఆ పానా మనిషి, కొడుకుని వెంటబెట్టుకుని, ఆ కుర్రాణ్ణి మావ క్లాసులో చేర్చడానికి వచ్చాడు. ఆ రోజు మినపసున్ని డబ్బా తెరిచారు. బూజు పట్టింది. మళ్ళీ చేశారు.

మాస్టారి కళ్ళా? డాక్టరు గారు ఆయన్ని చూసి, "మీకేమీ లేదే, ఎందుకొచ్చారు?" అన్నారట. "నాకు మధ్య మధ్య వచ్చి పోతుంది డాక్టరు గారూ," అన్నారట మాస్టారు.

ఆ పెన్సిలు అక్కడితో ఆగాలి కదా. ఆగలేదు. ఏళ్ళు గడిచాయి. ఇద్దరూ రిటైరయ్యారు. రోజూ సాయంత్రం మాస్టారు అరుగెక్కి మావని కూర్చోబెట్టి, ఎడమ చెవి వెనక నుంచి పెన్సిలు తెచ్చేవారు. మావ చెవి దగ్గరే "కనబడింది!" అనేవాడు. "శభాష్, గుర్రం కన్ను!"

నాకిది ఎంతకీ అంతుపట్టలేదు. ఒకరోజు మాస్టారిని విడిగా అడిగాను.

"అప్పుడు ఊరందరికీ పరీక్ష చేసింది ఆయన కోసమే కదండీ. ఇంకా ఎందుకు?"

"ఆపేస్తే, అతని ఒక్కడి కోసమే చేశానని తెలిసిపోదూ? అంతమందిలో ఒకడిగా ఉండనీ. పెన్సిలు చెవి దగ్గరకొచ్చేసరికి నేను చిన్నగా దగ్గుతాను. పాపం, అతనికి తెలియదు."

ఆ దగ్గు సంగతి మావనడిగాను.

"తెల్దేట్రా? ఆస్పత్రికెల్లిననాడే తెల్సింది, కుక్కకి పరీచ్చ సేసింది కూడా నా కోసమేనని. తన కల్లు పోయినాయన్నోడు దారంతా నాకు కనబడని ఎడంపక్కనే ఎందుకు నడుత్తాడు? ఆయన దగ్గుతాడు, నాను పలుకుతాను. ఇంజను మీద నువ్వూ నానూ సేసింది అదే గదా, గోయిందా? నువ్వు మాత్రం ఆయనకి సెప్పకు. ముసిలోడు పెన్సిలు మానేస్తే సాయంత్రం ఏటి తోస్తాది?"

అరుగు మీద మాస్టారు గొంతు సవరించుకున్నారు. మావ చొక్కా సర్దుకుని లేచాడు.