ఒక్క దెబ్బ తక్కువ

మా ఆయన గుర్వయ్యకు ఈ భూమ్మీద కంట్లో నలుసు ఎవరయ్యా అంటే నా తమ్ముడు లింగస్వామి. వాడికి డోలు చేతికిచ్చిందీ ఈయనే, ఇప్పుడు వాణ్ని చూసి పళ్లు కొరికేదీ ఈయనే. కారణం ఉంది. ఆలేరు దగ్గర మా ఊరి హైస్కూల్లో శనివారాలు పిల్లలకు ఒగ్గుడోలు నేర్పమని లింగస్వామిని పిలిచారు. పది పాసైనవాడు కదా! గొర్ల వెంట తిరిగిన గుర్వయ్య బడి గడప ఎప్పుడు తొక్కాడు గనుక?

"నా దగ్గర నేర్చుకున్నోడు సారయ్యిండా!" అంటాడు. అన్నం ముందు అదే మాట, మంచమెక్కినా అదే మాట.

పుండు మీద కారం చల్లినట్టు, మా మనవరాలు త్రివేణి ఆ క్లాసులోనే చేరింది. ఎనిమిదో తరగతి. శనివారమొస్తే కడుపునొప్పని మూలిగే పిల్ల, ఇప్పుడు నేను లేపకముందే జడలేసుకుని తయారు. ఇంట్లో డోలు ముట్టబోతే "ఆడపిల్లకెందుకే" అని కసిరింది ఈయనే. ఇప్పుడు కుళ్లుకుంటే ఏం లాభం?

నాకు మాత్రం మంట తక్కువా? పెళ్లైన నాటి నుంచి ఆ డోలు నాకు సవతి. మల్లన్నకు ముగ్గులేసి కొలిచే పట్నాలంటూ దాన్ని భుజానేసుకుని ఊళ్లు తిరిగేవాడు. నా భుజం మీద ఒక్కనాడు చెయ్యేసిన పాపాన పోలేదు.

ఆ రోజుల్లోనే పొట్టేలు కుమ్మి దొడ్డి గోడకు నొక్కేస్తే ఆయన ఎడమచేతి వేళ్లు రెండు వంకరపోయాయి. అప్పటి నుంచి దరువులో ఒకచోట ఎడమచేతి దెబ్బ పడదు. జనానికి తెలియకుండా సరిగ్గా అక్కడ తల ఎగరేసి జుట్టు విసురుతాడు. చూసేవాళ్లు పూనకమనుకుంటారు. ఆ గుట్టు నాకొక్కదానికే తెలుసు.

బడి వార్షికోత్సవం దగ్గరపడింది. "పరీక్షలు పెట్టుకొని గీ డోళ్లేంది సార్?" అని తల్లిదండ్రుల్లో సగం మంది సణుగుడు. పెద్దసారు తేల్చేశారు. పిల్లల ఆట చూసి ఊరు బాగుందంటే క్లాసు ఉంటుంది, లేదంటే ఆ పీరియడు లెక్కలకు పోతుంది. ఆ మాట వినగానే గుర్వయ్య ముఖం వెలిగిపోయింది.

"గందరి ముంగట లేచి, వీనికి దరువే రాదని చెప్త."

"తాతా, నీ కాళ్లు మొక్కుత, క్లాసు బందు పెడ్తరు" అని త్రివేణి ఏడ్చింది. ఆయన వింటేనా! కొత్త రుమాలు చుట్టుకుని పోయి మొదటి వరుసలో కూర్చున్నాడు.

పిల్లలు దరువెత్తుకున్నారు. తప్పెక్కడ దొరుకుతుందా అని గుర్వయ్య చెవులు రిక్కించాడు. దొరికింది! ఒకచోట ఎడమచేతి దెబ్బ పడలేదు. ఏ ఒక్కరిదీ పడలేదు. సరిగ్గా అక్కడే అందరూ తలలెగరేసి జుట్టు విసిరారు, అందరికంటే జోరుగా మా త్రివేణి. జనం ఈలలే ఈలలు.

నాకు నవ్వాగలేదు. నా తమ్ముడు పిచ్చి మాలోకం! వంకరవేళ్ల సందును కూడా విద్యే అనుకుని నేర్చుకున్నాడు, అంతమందికీ నేర్పేశాడు.

పెద్దసారు మైకు తెచ్చి గుర్వయ్య ముందు పెట్టారు. "ఈ విద్యల పెద్దోనివి నువ్వే. పిల్లలు సరిగ్గ కొట్టిండ్రా?"

"బావ ఎట్ల కొడితే గట్లనే నేర్పిన సార్" అన్నాడు లింగస్వామి, చేతులు కట్టుకుని.

త్రివేణి డోలు గట్టిగా పట్టుకుని తాత నోటి వంకే చూస్తోంది. గుర్వయ్య లేచాడు. ఎడమచెయ్యి మెల్లగా కండువా కిందికి పోయింది.

"ఒక్క దెబ్బ తక్కువైంది సార్" అన్నాడు. మనవరాలి వైపు చూశాడు. "అది గట్లనే ఉండాలె."

క్లాసు నిలబడింది. పిల్లలంతా వచ్చి ఆయన కాళ్లకు మొక్కుతుంటే, లింగస్వామి భుజం మీద చెయ్యేసి నిలబడ్డాడు. చెయ్యేశాడమ్మా, వాడి భుజం మీద! ఇన్నేళ్లు ఆ వేళ్లకు నూనె రాసి తోమింది నేను. "జర మెల్లగ" అనడమే తప్ప నాకో మంచి మాట లేదు.

ఇంటికి రాగానే అలవాటుగా చెయ్యి చాపాడు. "నూనె రాయవే."

"పో, నీ బామ్మర్దినే రాయమను" అన్నాను.