తాటిచెట్టులో వెతికిన ఏడు

ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు నన్ను మచిలీపట్నం రేంజికి బదిలీ చేశారు. మాది గుడివాడ. చివరికి సొంతగడ్డ మీదికి వచ్చిపడ్డానని సంతోషించాను. ఆ వేసవిలోనే దివిసీమలో ఒక రోడ్డు వెడల్పు పని తగిలింది. అడ్డొచ్చే ప్రతి చెట్టుకూ రొమ్ము ఎత్తున చుట్టుకొలత తీసి, నంబరు వేసి, విలువ కట్టడం ఫారెస్ట్ రేంజ్ ఆఫీసరుగా నా పని. సొంత స్థలంలోని చెట్టయితే యజమాని ఒప్పుకుంటేనే కోత.

ఒక ఊళ్లో చర్చి ఆవరణలోని పాత టేకుచెట్టుకు సంఘం ఒప్పుకుంది. పక్కింటి ఏసుదాసు గారు మాత్రం తన దొడ్లో తాటిచెట్టు మీద చెయ్యి వెయ్యనివ్వనన్నారు. 1977 ఉప్పెనలో చిన్నపిల్లాడిగా ఆయన ఆ చెట్టును కరుచుకునే బతికారు. కింద నుంచి ఆయన్ను పైకి తోసిన తల్లి కొట్టుకుపోయింది. సంగతి విన్నాక రోడ్డు ఇంజనీరు కూడా మెత్తబడి, అక్కడ కాస్త వంపు తిప్పుదామన్నాడు.

టేకు పడిన రోజున నా నోరు ఊరుకోలేదు, చూడవచ్చిన జనానికి మోడు మీది వలయాలు చదివి చెప్పాను. టేకు ఎండలకు ఆకు రాల్చి ఎదుగుదల ఆపుతుంది, వానలకు మళ్లీ అందుకుంటుంది. అందుకే ఏడాదికో వలయం. సుఖపడిన ఏళ్లు వెడల్పుగా, కష్టపడిన ఏళ్లు సన్నగా ఉంటాయి. ఆ మోడులో ఒకచోట కొన్ని వలయాలు ఒకదానికొకటి ఒత్తుకుపోయి ఉన్నాయి. బెరడు నుంచి లోపలికి లెక్కపెట్టుకుంటూ పోతే అవి ఉప్పెన తర్వాతి ఏళ్లు. కొమ్మలు విరిగి, వేళ్లకు ఉప్పునీరు తగిలి, చెట్టు కోలుకోవడానికి అంతకాలం పట్టింది. జనం అబ్బురపడి తడిమి చూశారు. అందరూ వెళ్లిపోయినా ఏసుదాసు గారు ఆ మోడు దగ్గరే కూర్చున్నారు. నాకు గర్వంగానే అనిపించింది.

తర్వాతి వారం ఆయన తాటిచెట్టు కోతకు ఒప్పుకున్నారని చెట్లు కొట్టించే మేస్త్రీ కబురు చెప్పాడు. హమ్మయ్య అనుకున్నాను. ఎందుకు ఒప్పుకున్నారో అడగలేదు.

చెట్టు పడ్డాక ఆయన నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లారు.

"ఆ ఏడు ఎక్కడుందో చూపించండి సార్. ఆ ముక్క కోయించి ఇంట్లో పెట్టుకుంటాను. మా అమ్మది ఫొటో అయినా లేదండి."

తాటికి, కొబ్బరికి వలయాలుండవు. లోపలంతా నార పోగులే, నల్లటి చుక్కల్లా కనిపిస్తాయి. ఆ మాట చెప్పాను.

"తాటిదూలాలు మేం చూడనివా అండీ? మాకు కనబడదు గానీ, చదువుకున్నోళ్లు, మీకు కనబడుద్దనుకున్నా."

నాకూ కనబడదన్నాను. ఆయన కోత మీద చెయ్యి వేసి చాలాసేపు నిమిరారు.

"అయితే నాకొక్కడికే గుర్తన్నమాట," అన్నారు.

నన్ను నాలుగు తిట్టినా బాగుండేది.

మా శాఖలో కాదన్నవాళ్లను కారణం అడుగుతాం. సరేనన్నవాళ్లను అడిగే అలవాటు లేదు. మిగిలిన సర్వీసంతా నేను వాళ్లనూ అడిగాను. ఏసుదాసు గారిని అడిగి ఉంటే రోడ్డు వంపు తిరిగేది, చెట్టు ఉండేది.