పడవల కుక్కను కట్టేసినం

ఎవలన్న కుక్కను తీసుకొని చెరువుకాడికి వస్తె చాలు, నా నోరు ఆగదు. "దీనికి జాకెట్ ఏది? మెడకు ఆ గొలుసేంది? తియ్యుండ్రి ముందుగాల" అని అడ్డం పోత. వాళ్లు తెల్వని మనుషులు, మంచిగ తయారై ఫొటోలు దిగుదామని వచ్చినోళ్లు. ఈమెకెందుకు అన్నట్టు చూస్తరు. చూస్తె చూడనియ్యి. మా ఆయన మాత్రం నాలుగడుగులు దూరం జరిగి, నేనెవలో తెల్వనట్టు నిలవడ్తడు.

నాకు మొదటి నుంచి గింత తెలివి ఉన్నదనుకోకుండ్రి. మూడేండ్ల కింద నాకు తెలిసింది ఒక్కటే, కుక్కలకు ఈత పుట్టుకతోనే వస్తదని. అది కూడ సగమే నిజం.

మేముండేది హనుమకొండ, సుబేదారిల. నేను, మా ఆయన ఇద్దరం ఆఫీసులకు పోయేటోళ్లం. మా బాపుది పాలకుర్తి దిక్కు ఊరు. అమ్మ పోయినంక బర్రెలను అమ్మేసి మా దగ్గరికి వచ్చిండు. యాభై ఏండ్లు గొడ్లతోని బతికిన మనిషికి రెండో అంతస్తు ఇంట్ల ఏం తోస్తది? పొద్దున లేస్తె బాల్కనీల అటు ఇటు తిరుగుడే పని. అది చూడలేక, ఆఫీసు వెనుక దొరికిన ఒక కుక్కపిల్లను తెచ్చి ఆయన చేతుల పెట్టిన. ఎర్రటి నాటు కుక్క. "పాలియ్యదాయె, దున్నదాయె, దీన్ని ఏం జేసుకోవాలె?" అని మొదలు గులిగిండు. నెల తిరిగేసరికి అది ఆయన మంచం కింద తప్ప వేరేకాడ పండేది కాదు. దాని వెంట్రుకలల్ల పట్టిన గోమార్లు ఏరి చంపుడు, గోళ్లు చూసుడు, మెడ పట్టాకు నూనె రాసుడు, అన్నీ ఆయనే.

చలికాలం ఒక ఆదివారం. మా ఆయనకు పరిచయమున్న ఒకాయన ములుగు దిక్కు చెరువుల చేపలు పడ్తడు. "రాండ్రి సారు, నా పడవల తిప్పుత" అన్నడట. కారుల ముగ్గురం పోయినం, కుక్కతోని నలుగురం.

బాపు ఇంట్ల నుంచే ఒక తాడు తెచ్చుకున్నడు. ఊర్లె బర్రె దుడ్డెలను బండ్ల తీసుకపోయేటప్పుడు ఆయన ఒక తీరుగ కట్టెటోడు. మెడకు తాడేసి, బండి పక్క కర్రకు ముడేసెటోడు. బండి ఎంత కుదిపినా దుడ్డె కింద వడేది కాదు. ఆ ముడి ఆయన చేతికి ఎంత అలవాటంటె, ఎటో చూసుకుంట కడ్తడు. పడవ పక్కకు ఒక ఇనుప కడెం కనవడ్డది. తాడు ఒక కొస కుక్క పట్టాకు, ఇంకో కొస ఆ కడానికి కట్టి, పండుకోను లేవను మూరెడు వదులు ఉంచిండు.

నాకు నీళ్లంటె బుగులు. పడవల కాలు పెట్టంగనే అది ఊగుతాంటె నా పాణం సగం పోయింది. బుగులైతె నాకు కోపం వస్తది, చిన్నప్పటి నుంచి గదే రోగం.

"బాపూ, గంత వదులేంది? దూకుతది. ఇంకా దగ్గరికి కట్టు" అన్న.

"మెడ తిరగనియ్యాలె కద బిడ్డా" అన్నడు.

"తిరగకుంటె మానె. చెప్పింది చెయ్యరాదు?"

ఆయన ఒకసారి నా మొఖం దిక్కు చూసిండు. ముడి విప్పి, బెత్తెడు కంటె ఎక్కువ లేకుంట కట్టిండు. మా ఆయన అప్పుడు ముందట కూసోని ఫోన్ల వీడియో తీస్తాండు. పడవ అన్న ఇంకా గట్టు మీదనే ఉన్నడు, తెడ్డు తెచ్చుకుంటాండు. ఈ ముచ్చట బాపుకు నాకే తెలుసు.

చెరువు నడుమకు పోయినంక అంతా మంచిగనే ఉండె. ఎండ పల్చగ, గాలి సల్లగ. కుక్క పడవ అంచు మీద గదుమ పెట్టి నీళ్లను చూస్తాంది. ఇంతల తుంగ పక్క నుంచి నీటికోళ్లు గుంపుగ లేచినయి. టపటప రెక్కల సప్పుడు. అంతే, అది దూకింది.

తాడు లేకుంటె నీళ్లల్ల పడి ఈదుకుంట మళ్ల పడవకాడికే వచ్చేది. తాడు పొడుగున్నా నీళ్ల మీద తేలేది. మాది ఎటూ కాకుంట చేసింది. ఎన్క కాళ్లు నీళ్లల్ల, మెడ పడవ పక్కకు. పట్టా గొంతుకు పడి వేలాడుతాంది. నాలుక బయటికొచ్చింది. అరుపు కూడ వస్తలేదు.

నేను "వామ్మో, వామ్మో" అని ఒర్రుడు షురూ జేసిన. మా ఆయన లేచి ఉరుకొచ్చిండు, పడవ ఒక్కసారి అటు దిక్కు ఒరిగింది. "కూసో! ఎవలు లేవద్దు! అందరం పోతం!" అని పడవ అన్న గట్టిగ మొత్తుకున్నడు. బాపు ముడి మీద చెయ్యేసిండు. కుక్క బరువంత తాడు మీదనే ఉండె, ముడి బిగిసి రాయైంది. ఆయన కట్టిన ముడి ఆయనకే రాలే. ఇగ ముడిని ఇడిసిపెట్టి, బోర్ల పండి, రెండు చేతులు నీళ్లల్ల పెట్టి కుక్కను కడుపు కింద పట్టి పైకి లేపిండు. గప్పుడు పట్టా జర వదులైంది. పడవ అన్న మోకాళ్ల మీద పాకుకుంట వచ్చి, వల కోసే కత్తితోని తాడు కోసిండు.

లోపలికి గుంజి పండవెడితె కదలలే. బాపు దాన్ని తల కిందికి చేసి పట్టుకున్నడు, దుడ్డె పుట్టినప్పుడు పట్టినట్టు. ఎంతసేపో నాకు తెల్వది. దగ్గింది. మళ్ల దగ్గింది. నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపుల నేను చేసిన పని చెప్త వినుండ్రి.

"చంపుతుంటివి కద బాపూ! ఇదేమన్న బర్రెనా నీ గొడ్ల కట్టు కట్టెటందుకు? ఏం తెల్వదు, చెప్తె వినవు!" అన్న.

చెప్తె వినవు అన్న నేను. ఆయన విన్నందుకే గట్లైంది.

మా ఆయన కూడ అందుకున్నడు. "గంత దగ్గరికి ఎవలన్న కడ్తరా మామా?" అన్నడు. పడవ అన్న మాత్రం మెల్లగ, "నీళ్ల మీద పాణమున్న దేన్నీ పడవకు కట్టమమ్మా. మేక పిల్లనైనా పట్టుకొనే కూసుంటం" అన్నడు. బాపు తడిసిన అంగీతోనే కుక్కను ఒళ్లె పెట్టుకొని, గట్టు వచ్చేదాక దాని గొంతు రాసుకుంట కూసున్నడు.

సీదా హనుమకొండ తీసుకొచ్చి పశువుల డాక్టరుకు చూపెట్టినం. గొంతు లోపల వాసింది, పది రోజులు మెత్తటి బువ్వనే పెట్టుండ్రి అన్నడు. "ఎవరు కట్టింది?" అని అడిగిండు. తప్పు దిద్దుకోను గంతకంటె మంచి మోక దొరకదు. నేనేమన్నానో తెలుసా? "మా బాపు సార్, పల్లెటూరాయన, తెల్వక కట్టిండు." బాపు అక్కడ్నే ఉన్నడు, గుమ్మంకాడ, చెప్పులు ఇడిసి నిలవడ్డడు.

కుక్క బాగైంది. పది రోజులన్నది ఎనిమిది రోజులకే బొక్కలు కావాలని లొల్లి పెట్టింది. బాగుకానిది వేరే ఉండె. మా ఇంట్ల పనామె ఊడ్వను వస్తె కుక్కను కాసేపు బాల్కనీల కట్టెయ్యాలె, ఆమెకు భయం. ఆ పని మొదటి నుంచి బాపుది. చెరువుకాడి నుంచి వచ్చినంక, పనామె గంట కొట్టంగనే గొలుసు తెచ్చి నా చేతికిచ్చెటోడు. "బిడ్డా, నువ్వు కట్టు." నేను ఆఫీసుకు తయారైతాంటె కూడ గంతే. ఒక రోజు నాకు వేళయితాంది, "నువ్వే కట్టరాదు బాపూ" అన్న. "నా చెయ్యి మంచిగ లేదు బిడ్డా" అన్నడు. చేతికి ఏం కాలే. ఎన్ని వందల గొడ్లను కట్టిందో ఆ చెయ్యి.

నేనేం చేసిన? నోరు తెరిచి ఒక్క మాట చెప్పేది పోయి, ఫోన్ల చూసి కుక్కల లైఫ్ జాకెట్ తెప్పిచ్చిన. ఛాతీకి కట్టే బెల్టు తెప్పిచ్చిన, పట్టుకుంటె బరువు మెడ మీద పడకుండ. జాకెట్ వీపు మీద గట్టి పిడి ఉంటది, నీళ్లల్ల పడితె సంచి లేపినట్టు లేపొచ్చు. కుక్కకు ఈతొస్తది గని నీళ్లల్ల నుంచి పడవ ఎక్కుడు రాదు, అలసిపోయి మునుగుతది, అందుకే ఆ పిడి. మొదలు ఇంట్లనే తొడిగినం. కొత్త లాగు ఏసిన పోరనోలె బిగుసుకపోయి నిలవడ్డది. వారమైనంక చెరువుకు పోయి మోకాలిలోతు నీళ్లల్ల తిప్పినం. పడవల జారకుండ గోనెసంచి, తాగను ఇంటి నీళ్లు, చెవులు తుడవను తువ్వాల. అన్నీ నేర్చుకున్న. వీటన్నిటి నడుమ బాపు ఒక్కసారి కూడ మాతోని రాలే. ఎప్పుడడిగినా ఒకటే మాట, "మీరు పోయి రాండ్రి."

ఎండలు ముదరకముందు ఒక శనివారం మధ్యాహ్నం అన్నం తింటాంటె, రేపు పడవెక్కుదామని మా ఆయన అన్నడు. "మామను ఇంట్లనే ఉండనియ్యి, మళ్ల ఏదన్న కడ్తడు" అని నవ్విండు. ఆయన పరాష్కానికే అన్నడు. బాపు కూడ నవ్వినట్టు చేసిండు. ఆ నవ్వు చూసినంక కలిపిన బుక్కను పక్కకు పెట్టిన.

"మూరెడు వదులు ఉంచి కట్టిండు బాపు. దగ్గరికి కట్టుమని లొల్లి పెట్టింది నేను. డాక్టరు దగ్గర కూడ అబద్ధం చెప్పిన" అన్న.

మా ఆయన చెయ్యి పళ్లెంలనే ఆగింది. నా దిక్కు చూసి, బాపు దిక్కు చూసిండు. "మరి గప్పుడే చెప్పకపోతివేంది మామా?" అన్నడు.

బాపు పెరుగు పోసుకొని నిదానంగ కలుపుతాండు. తలకాయ లేపలే.

"పిల్ల భయంతోని అన్నది, మర్సిపోయిందేమో అనుకున్న" అన్నడు.

నేను మర్సిపోలే. ఆయన గొలుసు తెచ్చి నా చేతుల పెట్టిన ప్రతి పొద్దు నాకు యాదికే ఉండె.