తొంభై రెండు పలుకుతున్న అభ్యర్థి

అమెరికాలో, అల్ఫారెట్టా ఊళ్ళో మా ఆఫీసులో ఓటు హక్కు ఉన్నవాళ్ళు తక్కువ. అందుకని రాజకీయ పరిజ్ఞానం ఎక్కువ. లంచ్ టైములో అందరం ఒక వెబ్‌సైట్ చూసేవాళ్ళం. ఎన్నికల్లో ఎవరు గెలుస్తారని జనం అక్కడ పందెం కాస్తారు; ఒక అభ్యర్థి ధర తొంభై పలికితే గెలిచే అవకాశం వందకి తొంభై అన్నమాట. హెచ్‌వన్ వీసా లాటరీలో బయటపడ్డవాళ్ళం కదా, అలాంటి అంకె కనపడితే నమ్మకుండా ఉండటం మాకు చేతకాదు. నేను పందెం కాయలేదు. చూసి నలుగురికీ చెప్పేవాణ్ణి, అంతే. ఉచిత సేవ.

ఆ వేసవిలో ఒక పార్టీ ప్రైమరీలో, అంటే తమ అభ్యర్థిని ఎంచుకునే తొలి ఎన్నికలో, ఎవరికీ సగం ఓట్లు రాలేదు. మొదటి ఇద్దరికీ మళ్ళీ పోటీ పెట్టారు. దాన్ని రనాఫ్ అంటారు.

మా పై ఫ్లాట్‌లో ఒక అక్క, వాళ్ళ నాన్నగారు ఉండేవారు. అంకుల్ రిటైరైన బడిపంతులు. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ ప్రతి ఎన్నికకీ ఆయనకి డ్యూటీ పడేది. ఎక్కడో వేరే ఊరి బూత్‌లో కూర్చుని వందలమంది వేళ్ళకి సిరా పూశారు. ఆయన పోస్టల్ బ్యాలట్ మాత్రం ఎప్పుడూ లెక్కింపు అయ్యాకే వచ్చేది. రిటైరవగానే కూతురి దగ్గరికి వచ్చేశారు. ఇక్కడ పౌరసత్వం వచ్చాక, ప్రైమరీ నాడు కంటి ఆపరేషన్ అయి పడుకున్నారు. ఇక రనాఫే, డెబ్భై రెండేళ్ళకి మొదటి ఓటు. అక్కకి ఆ రోజు ఆఫీసులో ఆలస్యం. తీసుకెళ్ళే పని నాది.

ఆఫీసు నుంచి ట్రాఫిక్‌లో గంటసేపు పాకి ఇల్లు చేరి పై ఫ్లాట్‌కి వెళ్ళేసరికి, ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, బూట్లు తొడుక్కుని సోఫాలో కూర్చుని ఉన్నారు.

"అంకుల్, మీ అభ్యర్థి తొంభై రెండు దగ్గరున్నాడు. గెలిచేసినట్టే," అన్నాను.

"ఎవరు చెప్పారు?"

"మార్కెట్."

"అంటే ఎవరయ్యా?"

"పందెం కాసినవాళ్ళు."

"వాళ్ళకి ఓటుందా?"

"ఉండక్కర్లేదు."

"నీకు?"

"నాకూ లేదు."

"ఓటు లేనివాళ్ళంతా కలిసి ఓటున్నవాణ్ణి ఇంట్లో కూర్చోమంటున్నారు. బావుంది."

నవ్వాను. "బయట ఎండ చూడండి. కన్ను ఇంకా ఎర్రగానే ఉంది. నవంబర్‌లో అసలు ఎన్నిక ఉంది కదా, దానికి వెళ్దాం."

ఆయన నా మొహం కాసేపు చూశారు. నా చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది, చేతిలో తాళాలు. ఆ తొంభై రెండు ఎవరి అలసటకి పనికొస్తోందో ఆయనకి అర్థమయ్యే ఉంటుంది.

"సర్లే, నవంబర్‌లోనే వేద్దాం," అని వంగి బూట్ల లేసులు విప్పుకున్నారు.

రాత్రి ఫలితాలొచ్చాయి. తొంభై రెండు ఓడిపోయాడు. తేడా వేలల్లో ఉంది, కాబట్టి లెక్క ప్రకారం నా తప్పేమీ లేదు. లెక్క నా వైపు ఉండటం ఆ రోజుల్లో నాకు బాగా అలవాటు.

అక్టోబర్‌లో అంకుల్ నిద్రలోనే పోయారు.

పదకొండో రోజు అయ్యాక ఒక మధ్యాహ్నం అక్క పిలిచింది. మంచం నిండా ఆయన చొక్కాలు. ఒక్కొక్క జేబూ తిరగేస్తోంది.

"ఒక్క ఓటన్నా వేసి పోయాడు నాన్న. ఆ తృప్తి ఉంది," అంది.

నాకు అర్థం కాలేదు.

"ఆ రోజు ఇంటికి రాగానే అడిగాను, వేశావా అని. వేశానన్నాడు. నువ్వు తీసుకెళ్ళావని, క్యూ కూడా లేదని. నువ్వు మర్చిపోయావని నీ మీద అరుస్తాననుకున్నాడేమో, గట్టిగా రెండుసార్లు చెప్పాడులే, ముందురోజు నీకు అన్నిసార్లు గుర్తు చేశాను కదా."

"అవునక్కా, క్యూ లేదు," అన్నాను.

"ఓటేసినవాళ్ళకి స్టిక్కర్ ఇస్తారుగా, పీచ్ పండు బొమ్మది. ఫొటో పక్కన అంటిద్దామని వెతుకుతున్నా, దొరకట్లేదు. నీ కారులో పడిందేమో ఒకసారి చూస్తావా?"

కిందికెళ్ళాను. ముందు సీటు వెనక్కి జరిపాను. మ్యాట్ ఎత్తాను. తలెత్తి చూస్తే అక్క బాల్కనీలోకి వచ్చి నిలబడి ఉంది. సీటు కిందికి మోచేతి దాకా చెయ్యి పెట్టి మళ్ళీ వెతికాను. తర్వాత అవతలి తలుపు తీశాను.