ముప్పై తొమ్మిదికి దిగిన జ్వరం

మా ఇంట్లో కొలతలకు ఒక దారీ తెన్నూ లేదు. పొలం ఎకరాల్లో, ఇంటి స్థలం అంకణాల్లో, వడ్లు పుట్లలో, బంగారం సవర్లలో. ఎండ సెల్సియస్‌లో, జ్వరం ఫారెన్‌హీట్‌లో. ఈ చివరి రెండింటితోనే నాకు ఒళ్లు మండుతుంది. నేను హైస్కూల్లో సైన్సు టీచర్ని. ముప్పై రెండు తీసేసి, అయిదుతో హెచ్చవేసి, తొమ్మిదితో భాగించమని ఊరి పిల్లలందరి చేతా చేయించినదాన్ని. మా నాయన చేత మాత్రం ఒక్కసారి కూడా చేయించలేకపోయాను.

నాయనకు తోటపల్లి గూడూరు దగ్గర రొయ్యల గుంట ఉంది. రొయ్యల వాళ్ల లెక్కే వేరు. కిలోకు ఎన్ని తూగితే అంత కౌంటు. వంద కౌంటంటే బుడ్డ రొయ్యలు, ముప్పై కౌంటంటే దిట్టమైనవి. అంకె ఎంత తగ్గితే అంత సంబరం. ఇన్నేళ్లూ ఆ లెక్కతోనే బతికిన మనిషికి అంకె తగ్గిందంటే మంచి జరిగిందనే.

మొన్న వేసవిలో, రేపు పట్టుబడి అనగా ఆయనకు జ్వరం వచ్చింది. గుంటలో రొయ్యలన్నీ వలలేసి పట్టి, ఐసు బండికి ఎక్కించే రోజును మేం పట్టుబడి అంటాం. పొద్దున్నే గాజు థర్మామీటరు పెట్టి చూస్తే నూట మూడు. మాత్ర మింగించి, మధ్యాహ్నం వచ్చి నెల్లూరు తీసుకెళ్తానని, అందాకా మంచం దిగొద్దని గట్టిగా చెప్పి బడికి వెళ్లాను. పరీక్షలు జరుగుతున్నాయి, సెలవు దొరకదు.

నేనటు వెళ్లగానే అమ్మ ఆ థర్మామీటరును సలసల కాగే నీళ్లలో కడిగింది. శుభ్రమట! అది టప్పున పగిలింది. నేను అరుస్తానని భయపడి, తనే మందుల షాపుకు వెళ్లి కొత్తది కొనుక్కొచ్చింది. అంకెలు వెలిగే రకం. అది సెల్సియస్‌ది.

మధ్యాహ్నం నాయన ఫోను చేశాడు. గొంతులో ఎంత హుషారో!

"అమ్మా, నువ్వు రావొద్దులే. జొరం దిగిపోయింది. పొద్దున నూట మూడు ఉన్నింది గదా, ఇప్పుడు ముప్పై తొమ్మిది."

"ముప్పై తొమ్మిదా?"

"ముప్పై తొమ్మిది పాయింటు నాలుగు. మీ అమ్మ కూడా చూసింది. అరవై డిగ్రీలు పైనే దిగింది."

అన్ని డిగ్రీలు దిగితే మనిషన్నవాడు బతుకుతాడా? ఆ రెండూ ఒకటే నాయనా, పిసరంత కూడా దిగలేదు అని అరిచాను. స్టాఫ్ రూములో అందరూ నావైపు తిరిగారు. "నీది పుస్తకాల లెక్కమ్మా, ఈడ మిషను చూపిస్తా ఉండాది గదా" అని ఫోను పెట్టేశాడు.

హెడ్మాస్టరును బతిమాలుకుని స్కూటీ మీద ఇంటికి వెళ్తే మంచం ఖాళీ.

"గుంట కాడికి పోయినాడు," అంది అమ్మ నింపాదిగా. "బయట నలభై రెండని టీవీలో చెప్పినారు. ఒంట్లో అంతకంటే తక్కువే గదమ్మా."

తల బాదుకోవాలనిపించింది. బాదుకున్నాను కూడా.

ఆయన గుంట గట్టు మీద, మిట్టమధ్యాహ్నపు ఎండలో, నెత్తిన తువ్వాలు వేసుకుని మేత ట్రే పైకి లాగి రొయ్యల్ని చూసుకుంటున్నాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. నేను అక్కడే పాఠం మొదలుపెట్టాను. నీళ్లు గడ్డకట్టేది ఇందులో సున్నా, అందులో ముప్పై రెండు. మరిగేది ఇందులో వంద, అందులో రెండొందల పన్నెండు. ఆయన బుద్ధిగా తలూపుతూ విన్నాడు. గొంతు పోయేలా చెప్పి, ఇప్పటికైనా అర్థమైందా అని అడిగాను.

"అర్థం కాకేమమ్మా," అంటూ గట్టు మీద కూలబడ్డాడు. "ఒళ్లు కాలిపోతా ఉంటే నాకు తెలవదా? నూట మూడని చూసినాక కాళ్లు లేవలా. ముప్పై తొమ్మిదని చూసినాక లేచి ఇంత దూరం నడిచొచ్చినా. పోయిన పంటంతా రోగమొచ్చి చచ్చిపాయ. ఈసారన్నా పట్టుబడి కంటితో చూసుకోనీ."

అంటే ఇందాకటినుంచి నేను గొంతు చించుకున్నది తెలిసిన మనిషికి తెలియజెప్పడానికన్నమాట. నాకు ఏడుపొచ్చింది, ఆ ఏడుపు మీద మళ్లీ కోపమొచ్చింది. పట్టుబడి దగ్గరుండి చూసుకుంటానని నేను ఒట్టు వేస్తేగాని ఆయన స్కూటీ ఎక్కలేదు.

నెల్లూరులో టైఫాయిడ్ అన్నారు, చేర్చుకున్నారు. సాయంత్రం నర్సు చంకలో థర్మామీటరు పెట్టి చూసి, "నూట ఒకటి" అంది. నాయన మొహం వాడిపోయింది. ఆ అమ్మాయి పక్క మంచం దగ్గరికి వెళ్లేదాకా ఆగి, నా చీర కొంగు పట్టుకుని లాగాడు.

"ఆ చిన్న లెక్కలో ఎంతో చెప్పమ్మా."

"చెప్పను," అన్నాను. "చెబితే లేచి గుంట కాడికి పోతావు."