గూడెం నుంచి ఒకావిడ

అత్తిలి నుంచి మా ఆడపడుచు ఫోను చేసింది. "వదినా, మీ డాక్టరమ్మ కొత్త వీడియో చూశారా?" అంది. చూడలేదన్నాను. "అందులో చెప్పింది మీ గురించేనేమో అనిపించింది. మనవాళ్ల గ్రూపులో పెట్టేశాను, ఏమీ అనుకోకండి," అంది.

తాడేపల్లిగూడెంలో మాకు స్టీలు సామాన్ల కొట్టు ఉంది. మావారూ నేనూ ఇద్దరం కూర్చుంటాం. నా మొదటి కాన్పు నుంచీ ఏలూరులో ఒకే డాక్టరు దగ్గరికి వెళుతున్నాను. చెప్పేది చివరిదాకా వినే మనిషి ఆవిడ. ఈమధ్యే వీడియోలు మొదలుపెట్టింది. గదిలో ఒక మూలకి ఫోను స్టాండూ గుండ్రటి లైటూ వచ్చాయి. "పెద్ద ఆసుపత్రుల వాళ్లు రోజుకొకటి పెడుతున్నారండీ, మనం పెట్టకపోతే ఎవరొస్తారు?" అంది నర్సు.

గ్రూపు తెరిచాను. తెల్లకోటులో డాక్టరు నవ్వుతూ మాట్లాడుతోంది. "గూడెం నుంచి ఒకావిడ వస్తారు. స్టీలు సామాన్ల కొట్టులో కూర్చుంటారు, మంచి మాటకారి. రొమ్ములో గడ్డ చేతికి తగులుతున్నా నెలల తరబడి ఎవరికీ చెప్పలేదు, భర్తకి కూడా. అదృష్టం కొద్దీ అది కొవ్వు గడ్డే. మీరు మాత్రం అలా చేయకండి."

పేరు చెప్పలేదు. ఇంక చెప్పడానికేం మిగిలింది?

ఆ సంగతి నేను తలుపు వేయించి మరీ చెప్పాను. మా అత్తగారు రొమ్ము క్యాన్సరుతోనే పోయారు. ఆవిడకి చేసీ చేసీ మావారు సగమైపోయారు. మళ్లీ ఆయన్ని ఆ భయంలోకి దించలేక నోరు మూసుకున్నాను. అదీ డాక్టరుకి చెప్పాను. వీడియోలో ఆ మాట లేదు.

మావారు గల్లాపెట్టె దగ్గర కూర్చుని అది చూశారు. మళ్లీ మొదటి నుంచి పెట్టి చూశారు.

"నాకు చెప్పలేదు గానీ, ఊరందరికీ చెప్పడానికి ఒప్పుకున్నావా?"

"నన్నెవరూ అడగలేదండీ. నాకూ ఇప్పుడే తెలిసింది."

"అడక్కుండా పెడతారా ఎవరైనా?"

ఆయన నమ్మలేదు. ఇంతలో బిందె బేరమాడుతున్నావిడ నా మొహం కేసి, తర్వాత నా పైట కేసి చూసినట్టనిపించింది. నిజంగా చూసిందో, నా అనుమానమో ఇప్పటికీ తెలియదు.

ఆ వారంలోనే ఇద్దరం ప్యాసింజరు ఎక్కి ఏలూరు వెళ్లాం. విషయం చెప్తే డాక్టరు నిజంగానే ఆశ్చర్యపోయింది.

"అయ్యో, పేరెక్కడా చెప్పలేదు కదండీ! ఆ వీడియో చూసే కొల్లేటికోట నుంచి ఒకావిడ వచ్చారు. చేపల చెరువుల మీద పనికి వెళ్తారు. ఆవిడది మీలా మామూలు గడ్డ కాదు. ఇంకొన్నాళ్లు ఆగితే చెయ్యి దాటిపోయేది. మీ వల్ల ఒక మనిషి బతికిందనుకోండి."

ఆమె ఎవరో గానీ చల్లగా బతకాలి. కానీ ఆమెకి నేనెవరో తెలియకపోయినా, ఆమె జబ్బేమిటో, పనేమిటో నాకు అప్పుడే తెలిసిపోయింది.

"అది తీసేయండమ్మా," అన్నారు మావారు మెల్లగా. "ఈవిణ్ణి ఒక్క మాట అడగాల్సింది." అప్పుడు తెలిసింది, ఆయన నా మాట నమ్మారని. డాక్టరు మా ఎదుటే తీసేసింది. అప్పటికే దింపుకున్నవాళ్ల ఫోన్లలో ఎలాగూ ఉంటుంది.

తర్వాత నన్ను పరీక్ష చేసి, ఎప్పటిలాగే ఆప్యాయంగా, "ఇంకేమైనా ఇబ్బంది ఉందాండీ?" అని అడిగింది.

ఉంది. నెలసరి ఆగిపోయి చాలా కాలమైంది, ఇప్పుడు మళ్లీ మరక కనిపిస్తోంది. స్టాండు మీద ఫోను లేదు, లైటు ఆర్పి ఉంది. అయినా నా చూపు అటే పోయింది.

"లేదండీ," అన్నాను.

తిరుగు రైల్లో, భీమడోలు దాటాక, మావారికి చెప్పాను. ఆయన నా చెయ్యి పట్టుకుని, "ఇది ఆలస్యం చేసేది కాదు. ఆవిడ దగ్గర నోరు రాకపోతే భీమవరంలో ఇంకెవరికైనా చూపిద్దాం," అన్నారు. అక్కడే ఫోను తీసి వెతికారు. ఎవరి పేరు కొట్టినా ముందు వీడియోలే వచ్చాయి. ఒకటి నొక్కితే, "నిన్న నా దగ్గరికి ఒక పేషెంటు వచ్చారు..." అని మొదలైంది. ఆయన టక్కున ఆపేశారు.

చివరికి ఎవరో తెలిసినవాళ్లు చెప్పిన డాక్టరు దగ్గర రేపటికి రాయించారు. మరక సంగతి చెప్తాను, చెప్పక తప్పదు. మాకు కొట్టుందనీ, ఏ ఊరనీ మాత్రం చెప్పాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు.