దుర్గాబాయికి నచ్చిన గౌను

మేడ్చల్ బస్టాండు వెనక సందులో దుర్గాబాయి కుట్టు దుకాణం. గోడల నిండా ఫ్యాషన్ పత్రికల బొమ్మలే. ఏ హీరోయిన్ ఏ ఫంక్షన్‌కి ఏం వేసుకుందో ఆమె ఇంట్లోవాళ్లకంటే దుర్గాబాయికే ముందు తెలుస్తుందని భర్త దేవేందర్ ఎగతాళి చేస్తాడు. కండ్లకోయలో కాలేజీ బస్సు నడుపుతాడు కాబట్టి లోకమంతా తనకే తెలుసని ఆయన ధీమా.

శామీర్‌పేట నుంచి, అత్వెల్లి నుంచి ఆడవాళ్లు వస్తారు. గోడ మీది బొమ్మో ఫోన్లోని బొమ్మో చూపించి, "అక్కా, అచ్చం గిట్లనే కావాలె" అంటారు. దుర్గాబాయి అట్లాగే కుట్టి ఇస్తుంది. వాళ్లు మురిసిపోతారు గానీ, ఆమె మాత్రం బొమ్మ వంకా వాళ్ల వంకా చూసి లోలోపల కుమిలిపోతుంది. బొమ్మలో నడుము దగ్గర ఒక్క ముడత ఉండదు. తను ఎన్నిసార్లు విప్పి కుట్టినా ఎక్కడో ఒకచోట వదులు మిగులుతుంది. లోపం తన చేతిలోనే ఉందని ఆమె గట్టి నమ్మకం. అంతకన్నా పెద్ద దిగులు ఇంకొకటి ఉంది. ఇన్నేళ్లలో ఒక్కరంటే ఒక్కరు కూడా "నీకు నచ్చినట్టు కుట్టు" అనలేదు. ఆ మాట ఒక్కసారి వినాలని ఆమెకు చచ్చేంత కోరిక.

కూతురు సుస్మిత ఇంజనీరింగ్ చదువుతోంది. ఒక పత్రికవాళ్లు వర్ధమాన డిజైనర్లకు అవార్డు ఇస్తున్నారని చూసి, తల్లికి చెప్పకుండా ఆమె కుట్టిన జాకెట్ల ఫోటోలు పంపింది. పిలుపు వచ్చింది. సొంత ఆలోచనతో ఒక డ్రెస్సు కుట్టి కొంపల్లిలోని ఒక మాల్‌కి తీసుకురావాలి. మోడల్‌ని పత్రికవాళ్లే ఇస్తారు.

"యాబై దగ్గర పడ్డంక వర్ధమానమేంది?" అన్నాడు దేవేందర్.

"నలబై ఏండ్లకు నువ్వు బస్సు నేర్చుకోలే? గిది గూడ గంతే," అంది దుర్గాబాయి.

అన్నదే గానీ, కాగితం మీద ఏ మెడ గీసినా అది ఏదో ఒక హీరోయిన్ మెడే అవుతోంది. విసుగొచ్చి గోడకు వీపు పెట్టి కూర్చుంది. ఆడవాళ్ల బట్టలకు జేబులెందుకుండవని ఎప్పటినుంచో ఉన్న కోపం అప్పుడు గుర్తొచ్చింది. సరే, జేబులతోనే మొదలుపెట్టింది. ఆకుపచ్చ నారాయణపేట చీరతో పొడుగు గౌను. ఎర్ర అంచు కింద కాకుండా భుజం మీది నుంచి నడుము దాకా ఏటవాలుగా దిగుతుంది. ఇలాంటిది ఏ బొమ్మలోనూ లేదని గోడలన్నీ వెతికి మరీ చూసుకుంది.

ఇక కొలతలు. మోడల్ ఇషిత కొలతలు పత్రికవాళ్లు ఫోన్‌కు పంపారు. దుర్గాబాయి వాటిని నమ్మలేదు. ఎంతటివాళ్లయినా ఆమెకు ఆది ఇవ్వాల్సిందే, అంటే ఒంటికి సరిగ్గా పట్టిన పాత బట్ట.

"అంకెలు ఎవలైనా రాస్తరు. ఆది ఒంటి మీదికెల్లి ఒస్తది. ఒకటి పంపియ్యుమను," అంది కూతురితో.

ఇషిత తనకు బాగా ఇష్టమైన చొక్కా పంపింది. దాన్ని బల్ల మీద పరిచి దుర్గాబాయి సంతోషపడింది. "పిల్ల నిండుగున్నట్టున్నది. ఎప్పుడు బక్కోళ్లనే పెడ్తరనుకున్న." ఈ కాలపు పిల్లలు కావాలనే ఇద్దరు పట్టే చొక్కాలు తొడుగుతారని ఆమెకు తెలియక కాదు. అలాంటిది ఆదిగా పంపుతారని మాత్రం ఎలా ఊహిస్తుంది పాపం.

ఆ రోజు భర్తనూ కూతురినీ వెంటబెట్టుకుని దుర్గాబాయి మాల్‌కి వెళ్లింది. తెర వెనక ఇషిత గౌను తొడుక్కుని వచ్చింది. పిల్ల రివటలా ఉంది. గౌనులో ఆమె ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. దుర్గాబాయి గబగబా వెనక వదులు బట్టను గుప్పిట్లో పట్టి చూసింది.

మోడళ్లను ముస్తాబు చేసే అభిలాష్ నింపాదిగా పిన్నుల డబ్బా పట్టుకుని వచ్చాడు. "టెన్షన్ పడకండి ఆంటీ. వెనక పిన్నులు పెట్టేస్తాను, ముందు నుంచి ఎవరికీ తెలీదు. కవర్ పేజీలన్నీ ఇంతే కదా."

"మొన్న దసరా సంచికల పసుపు గౌను గూడనా?"

"అది చేసింది నేనే. దానికైతే బట్టలారేసే క్లిప్పులు కూడా పెట్టాం."

అచ్చం ఆ పసుపు గౌనులా కుట్టలేకపోయానని శామీర్‌పేట పెళ్లికూతురొకరి ముందు దుర్గాబాయి తల దించుకుంది. మొదట ఒళ్లు మండింది. వెంటనే ఆపుకోలేనంత నవ్వు వచ్చింది. ఇన్నేళ్లూ క్లిప్పులతో పోటీ పడి ఓడిపోయిందన్నమాట. చేతిలో ఏ లోపమూ లేదు.

"పిన్నులొద్దు బిడ్డా. ఫోటోకైతే నడుస్తది. గిది తొడుక్కొని మనిషి కూసోవాలె, లేవాలె," అని ఆమె కూతురి వైపు తిరిగింది. "నువ్వే తొడుక్కో."

సుస్మిత బొద్దుగా ఉంటుంది. ఫోటో అంటే చాలు, అందరి వెనక్కీ పోయి నిలబడుతుంది. "అమ్మా, నేనేంది, స్టేజి మీద నడుసుడేంది. నన్ను పరేషాన్ జెయ్యకు."

"నా జాకెట్ల ఫోటోలు పంపేటప్పుడు నువ్వు నన్నడిగినవా? ఇగ నేను గూడ అడుగుతలేను."

ఇషిత అలగలేదు సరికదా, తప్పు తన చొక్కాదేనంటూ దగ్గరుండి సుస్మితకు తల దువ్వింది. గౌను ఆ పిల్లకు కొలిచి కుట్టినట్టు సరిపోయింది. వేదిక ఎక్కాక భయంతో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక సుస్మిత జేబుల్లో దోపుకుంది. అట్లాగే నడిచింది, మధ్యలో నవ్వింది కూడా. జేబులు చూసి ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు.

అవార్డు మాత్రం వేరెవరో కుర్రాడికి వెళ్లింది. చివరి దాకా ఆశపడ్డ దుర్గాబాయికి గుండె కలుక్కుమంది. దాచుకోవడం చేతకాక కళ్లు తుడుచుకుంది. "పోనియ్ తియ్," అన్నాడు దేవేందర్. జేబులోంచి రుమాలు తీసి ఇచ్చాడు.

మెట్ల దగ్గర ఒకావిడ ఎదురొచ్చింది. కొంపల్లిలో ఉంటుందట, పేరు అశ్రిత. ఆమెదీ సుస్మిత లాంటి ఒళ్లే.

"ఆ ఆకుపచ్చ గౌను మీరే కుట్టారా? నాకొకటి కావాలండీ."

"అసొంటిదేనా అమ్మా?"

"అదే కానక్కర్లేదు. మీకు ఏది నచ్చితే అది కుట్టండి."

ఆ మాట కోసమే ఇన్నేళ్లు కాచుకున్న దుర్గాబాయికి, తీరా చెవిన పడేసరికి ఒక్క మెడా ఒక్క చెయ్యీ తోచలేదు. భయం వేసింది, సంతోషమూ వేసింది.

"జర టైం పడ్తదమ్మా," అంది చివరికి. "నాకేం నచ్చుతదో నేను గూడ జూస్కోవాలె గద."